ఎనిడ్ డోలు వెనక ఊరంతా

మా చెల్లెలు ఎనిడ్ సట్‌క్లిఫ్ కష్టపడి సాధించిన మొదటి గెలుపు ఒక డోలు. బ్రాకెన్‌డెన్ చాపెల్ వాళ్ళ ఆదివారపు బడి బ్యాండులోని పెద్ద డోలు అది. మెడకు తగిలించుకుంటే మోసేవాడి గడ్డానికి తగులుతుంది. పెంతెకొస్తు పండగ ఊరేగింపులో దాన్ని మగపిల్లలే మోయాలి, ఆడపిల్లలు జెండా తాళ్ళు పట్టుకోవాలి. అప్పటికి పద్నాలుగేళ్ళ మా చెల్లెలు బ్యాండు పెద్ద హెసల్టైన్ గారి దగ్గరకు వెళ్ళి నిలబడింది.

"ఆడపిల్లలు డోలు ఎందుకు మోయకూడదండీ?"

"మోయలేరు గనక."

"మోస్తే?"

"కొండ పైనుంచి కాలువ దాకా, మళ్ళీ కొండ పైకి, ఎక్కడా దించకుండా మోస్తే ఆ డోలు నీదే పో" అన్నాడాయన నవ్వుతూ.

ఆ ఏడు పెంతెకొస్తు నాడు ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. మగపిల్లలు సగం మంది దారిలో చూరుల కింద దూరారు. ఎనిడ్ దూరలేదు. భుజాల మీద తోలు పట్టీ కోసుకుపోయి జాకెట్టు ఎర్రబడింది. చాపెల్ గుమ్మం ముందు హెసల్టైన్ గారు "ఇక దించమ్మా" అంటే, "ఎవరింట్లో దించమంటారు, మీ ఇంట్లోనా, మా ఇంట్లోనా?" అని అడిగింది. ఆయన టోపీ తీసి, దారి వదిలాడు. డోలు మా ఇంటికి వచ్చింది. వెనకే నేనూ వచ్చాను, కర్రలు మోస్తూ. మా అమ్మ డోలును చూసి, ఎనిడ్ భుజాలు చూసి, వేడినీళ్ళు పెట్టింది.

నా పేరు విల్ఫ్రెడ్. ఆ చాపెల్ వెనక ఉన్న ఊరి బడిలోనే నా చదువు మొదలైంది, అక్కడే అయిపోయింది. ఆ తర్వాత రంగుల మిల్లులో పనిచేశాను, బ్రాకెన్‌డెన్ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానుల సంఘానికి చాలాకాలం పెద్దగా ఉన్నాను. మా ఇంట్లో ఒక మనిషి ఇంత చేసిందని నలుగురికీ తెలియాలి. పేపరువాళ్ళు రాస్తే తప్పులు రాస్తారు, అందుకని నేనే రాస్తున్నాను.

ఆ డోలుతో మా చెల్లెలు చేసిన పని హాఫ్‌టైమ్ నడక.

మా జట్టు ఆడే టెంటర్ మైదానం చదునుగా ఉండదు. పూర్వం మిల్లు వాళ్ళు ఉన్నిగుడ్డ ఆరబెట్టుకున్న వాలు అది. పై కొసన చాపెల్, కింది కొసన కాలువ, మధ్యలో ఆవు వీపులాంటి ఎత్తు. మా జట్టు ఎప్పుడూ మొదటి సగం చాపెల్ వైపు ఎగువకు ఆడి, రెండో సగం కాలువ వైపు దిగువకు ఆడుతుంది. మనవాళ్ళు గోల్ కొట్టే చోటే మనం ఉండాలి కదా. అందుకని మొదటి సగం జనమంతా చాపెల్ వైపు గోలు వెనక నిలబడతారు. విరామం రాగానే స్టాండు వెనక సన్నటి దారిలో ఒకరి వెనక ఒకరు కాలువ వైపుకు దిగుతారు. ముందు ఎనిడ్, పొట్ట మీద డోలు. ఆ వెనక చేతుల్లో మాంసం కూరి కాల్చిన పైలు, టీ కప్పులు పట్టుకుని ఊరు ఊరంతా.

తన పెళ్ళినాడు పొద్దున చాపెల్‌లో ఉంగరం తొడిగించుకుని, మధ్యాహ్నం పెళ్ళిగౌనులోనే నడక నడిపించింది. ఆమె మొగుడు, పాపం క్లిఫర్డ్, గౌను అంచు బురదలో పడకుండా వెనకాల ఎత్తిపట్టుకుని నడిచాడు. మా ఊళ్ళో పెళ్ళి ఫొటో అంటే ఇప్పటికీ అదే. ఒకసారి డోలు తోలు చిరిగిపోతే పైలు కాల్చే రేకు పళ్ళెం మీద కొట్టింది, ఆ వారం మేం గెలిచాం, తర్వాతి వారం కూడా పళ్ళెమే కొట్టమని జనం బతిమాలారు. అభిమానుల సంఘంలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమె. కానుపు నొప్పులొచ్చిన శనివారం తప్ప ఒక్క నడకా తప్పలేదు. ఆ రోజు కూడా ఆసుపత్రి మంచం అంచు మీద చేత్తో దరువు వేసిందని నర్సు చెప్పింది.

ఇదంతా ఇలా సాగుతుండగా, పోయిన ఏడాది వేసవిలో మా క్లబ్బు చేతులు మారింది.

కొన్నది నార్వే దేశపు ఆవిడ, రాగ్న్‌హిల్డ్ టైగ్లాండ్. చేపలు గడ్డకట్టించి ఊళ్ళకు పంపే వ్యాపారం. చిన్నప్పుడు టీవీలో మా జట్టు మోకాలి లోతు బురదలో ఆడిన ఒక కప్పు మ్యాచ్ చూసి మనసు పారేసుకుందట. ఊళ్ళో వెంటనే "చేపలమ్మ" అని పేరు పెట్టేశారు. మొదటి మ్యాచ్ నాడు ఆవిడ స్టాండులోకి రాగానే, మా పోస్టుమాన్, గోల్‌కీపర్ కూడా అయిన గారీ స్పెన్స్లీ, "అమ్మగారూ, మీ ఊరి చేపలకు ఈదడం వచ్చు గానీ మా జట్టుకు బురదలో తప్ప రాదండీ" అన్నాడు. ఆవిడ పడీపడీ నవ్వింది. అప్పుడే ఊరు సగం కరిగింది.

మిగతా సగం కూడా కరగడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. మైదానం కింద నీళ్ళు పోయే గొట్టాలు వేయించింది, బురద పోయింది. స్నానాల గదిలో వేడినీళ్ళు వచ్చాయి. మా కుర్రాళ్ళు ఆట అయ్యాక బయటికి రావడమే మానేశారు. పోర్చుగల్ నుంచి తోమాస్ అని ఒక గోలు కొట్టేవాణ్ణి తెచ్చింది. సన్నగా గొడుగు కర్రలా ఉండేవాడు. మా ఊరి మాంసం పై ఒకటి తిని "లోపల ఏముంది?" అని అడిగాడు. "అడక్కూడదు బాబూ" అంది పైలు అమ్మే ఆవిడ. వాడు అడగడం మానేసి రెండోది తీసుకున్నాడు. ఆ వారం నుంచి గోల్స్ మీద గోల్స్. సెప్టెంబరు వచ్చేసరికి మా పేరు పట్టికలో పైన ఉంది. అంత పైన మమ్మల్ని ఎన్నడూ చూడని జనం పేపరు తిరగేసి పట్టుకున్నామేమో అనుకున్నారు.

కాని ఆవిడతో పాటు సిటీ నుంచి ఒక సలహాదారు వచ్చాడు. స్టాండు వెనక సన్నటి దారిలో అంతమంది ఒకేసారి నడవడం ప్రమాదం అన్నాడు. దారి మధ్యలో ఇనుప గేటు పెట్టించాడు. పై ఏడాది నుంచి అందరికీ నంబర్ల సీట్లు, ఎవరి చోటు వాళ్ళది, నడకలూ గిడకలూ ఉండవని తేల్చాడు.

ఎనిడ్ నేరుగా చేపలమ్మ గదికి వెళ్ళింది. తోడుకు నన్ను లాక్కెళ్ళింది.

"సీటా తల్లీ? కూర్చోడానికి మా ఇంట్లో సోఫా ఉంది. నేనొచ్చేది నిలబడ్డానికి, నడవడానికి."

"మీ వయసులో ఇంత బరువు మోయడం..." అని ఆవిడ ఏదో అనబోయింది.

"బరువు సంగతి వదిలెయ్యి. నేను అడిగేది నడక గురించి. మా నాన్న నడిచాడు, మా ఆయన నడిచాడు. ఆయన పోయాక కూడా ఆ దారిలో ఆయన పక్కన నడుస్తున్నట్టే ఉంటుంది నాకు. దాన్ని గేటు పెట్టి ఆపుతానంటే ఎలా?"

చేపలమ్మ కిటికీలోంచి గేటు వైపు చూసింది. "ఈ సీజన్ అంతా హాఫ్‌టైమ్‌లో గేటు తీయిస్తాను. విరామం అవగానే మళ్ళీ తాళం. నడకలో ఒక్క గొడవ కూడా జరగకపోతే గేటే తీసేస్తాను. జరిగితే మాత్రం ఇక నడక లేదు. ఒప్పందమేనా?"

"ఒప్పందమే" అంది ఎనిడ్, చేయి చాచి.

ఆ రోజు నుంచి ఊరిని ఎనిడ్ బడిపిల్లల్లా నడిపించింది. తోసుకుంటే ఊరుకోదు. ఎడమ పక్కనే నడవాలి. తినే పై చేజారి పడితే వంగి తీయకూడదు. కసాయి కొట్టు హంఫ్రీ ఒకసారి వంగాడు, వెనక వాళ్ళు ముగ్గురు అతని మీద పడబోయారు. "హంఫ్రీ, నీ దుకాణంలో మాంసం తక్కువయిందా? లే, నడువు" అని అక్కణ్ణుంచే కేకేసింది. జనవరిలో మంచు పడ్డ నాడు ఒకరి మఫ్లరు ఒకరు పట్టుకుని రైలుబండిలా జారుతూ వెళ్ళారు, ఒక్కరు పడలేదు. ప్రత్యర్థి జట్టు మనుషులు కూడా ఆ రైలులో కలిసి, దిగాల్సిన చోట దిగకుండా మాతోనే కాలువ దాకా వచ్చేశారు. ఏ గొడవా జరగలేదు. ఆటలోనూ గెలుపు మీద గెలుపు. ఇద్దరు కలిస్తే "ఎలా ఉన్నావ్" అని అడగడం మానేసి "ఎంత తేడాతో" అని అడుగుతున్నారు మా ఊళ్ళో.

చివరి మ్యాచ్ మే నెలలో, మా మైదానంలోనే, స్కెల్‌బ్రూక్ జట్టుతో. గెలిస్తే పై డివిజన్‌కు వెళతాం. డ్రా అయితే వాళ్ళు వెళతారు. చాపెల్ వైపు ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ జనంలోకి చేపలమ్మ తన అద్దాల గది వదిలి దిగి వచ్చింది.

"ఈ రోజు మీతో నిలబడతాను" అంది.

"నిలబడు తల్లీ. నా వెనకే ఉండు, తప్పిపోతావు" అని ఎనిడ్ తన మఫ్లరు తీసి ఆవిడ మెడకు చుట్టింది.

నాణెం ఎగరేశారు. స్కెల్‌బ్రూక్ కెప్టెన్ గెలిచాడు. మా అలవాటు వాడికి తెలిసే ఉంటుంది, రెండు జట్ల వైపులూ మార్పించాడు. అంటే మొదటి సగమే మావాళ్ళు దిగువకు, కాలువ వైపు ఆడాలి. మేమేమో చాపెల్ వైపు, మా గోల్‌కీపర్ వీపు చూస్తూ నిలబడ్డాం. అటు పోదామంటే గేటుకు తాళం.

గారీ వెనక్కి తిరిగి, "ఏంటి, అందరూ నన్ను చూడ్డానికే వచ్చారా?" అన్నాడు.

"నిన్ను చూస్తే చాలు గోలు పడుతుంది, అటు తిరుగు" అంది ఎనిడ్.

మొదటి సగంలో చెరో గోలు. విరామం ఈల పడింది. ఇప్పుడు మావాళ్ళు మా వైపే, చాపెల్ వైపే ఆడాలి. మేం చేయాల్సిందల్లా ఉన్నచోట నిలబడి టీ తాగడమే. ఆ సంగతి ఊళ్ళో ఒక్క బుర్రకూ తట్టలేదు. ఈల వినగానే ఎనిడ్ చేయి లేచింది, డోలు మోగింది. యాభై ఏళ్ళ అలవాటు. గేటు తెరుచుకుంది. ఊరు ఊరంతా, చేపలమ్మతో సహా, పైలూ టీలూ పట్టుకుని క్రమంగా, ఎడమ పక్కనే, ఒక్కరినీ తోయకుండా కాలువ వైపుకు దిగిపోయింది.

నేను మాత్రం దిగలేదు. నాకూ అనుమానం రాలేదు లెండి, దిగుదామనే లేచాను. కాని ఆ రోజు మోకాళ్ళు మొరాయించాయి. ఫ్లాస్కు తీసి అక్కడే ఆనుకుని నిలబడ్డాను. చాపెల్ వైపు మొత్తానికి నేనొక్కణ్ణి.

రెండో సగానికి గారీ కాలువ వైపు గోలు దగ్గరకు వచ్చి, వలలోంచి జనాన్ని చూసి, నోరు తెరిచి నిలబడ్డాడట. "ఎనిడ్ అత్తా, మళ్ళీ నేనేనా?"

అప్పుడు అందరికీ అర్థమైంది. అప్పటికే గేటుకు తాళం పడింది. స్కెల్‌బ్రూక్ వాళ్ళు నవ్వీ నవ్వీ కంచె పట్టుకుని వేలాడారట. ఎనిడ్ చేపలమ్మ వైపు తిరిగి "క్షమించు తల్లీ, నిన్ను తప్పు వైపుకు తెచ్చాను" అంటే, ఆవిడ "పర్వాలేదు, ఊరంతా ఇక్కడే ఉంది కదా" అందట. ఆవిడ చేతిలో ఎవరో సగం తిన్న పై ఉందట అప్పటికే.

ఆట చివరికి వచ్చింది. ఇంకా చెరో గోలే. అప్పుడు మావాడి కాలు తగిలి వాళ్ళ ఆటగాడు పడ్డాడు. పెనాల్టీ. అది కూడా ఆ కాలువ వైపే, మా జనం ముక్కు ముందరే.

మామూలుగా అయితే గారీ అక్కడ ఒంటరివాడు. ఆ రోజు వాడి వెనక ఊరంతా ఉంది. ఎనిడ్ వల దగ్గరకు వచ్చి మెల్లగా అంది. "ఒరేయ్ గారీ, ఈ రోజు అందరం తప్పు వైపుకు వచ్చాం. నువ్వు మాత్రం ఎటూ వెళ్ళకు. నిలబడు."

వాడు నిలబడ్డాడు. కొట్టినవాడు వెయ్యి మొహాలు చూస్తూ పరిగెత్తి వచ్చి, గురి తప్పి, సరిగ్గా మధ్యలో కొట్టాడు. బంతి గారీ ఛాతీకి తగిలి కాళ్ళ దగ్గర పడింది. వాడు దాన్ని ఉన్న బలమంతా పెట్టి ఎగువకు తన్నాడు.

ఇక్కణ్ణుంచి నేను చెప్పేది నేను తప్ప ఎవరూ దగ్గరగా చూడనిది. బంతి ఆవు వీపు దాటి వచ్చింది. కీపర్ తప్ప స్కెల్‌బ్రూక్ వాళ్ళందరూ పెనాల్టీ కోసం దిగువనే ఉన్నారు. తోమాస్ ఒక్కడు నడిగీత దగ్గర, మా సగంలోనే కాచుకుని ఉన్నాడు, పొడుగు కాళ్ళు వేసుకుని వచ్చాడు, కీపర్ పక్కనుంచి మెల్లగా నెట్టాడు. గోలు. నేను రెండు చేతులూ పైకెత్తాను. కాలువ వైపు నుంచి చూస్తే గోలు కనపడదు, ఎత్తు అడ్డం. ఊరంతటికీ కనపడింది నా రెండు చేతులే. ఆ చేతులు చూసి వెయ్యి మంది ఒక్కసారి అరిచిన అరుపు కొండకు తగిలి తిరిగొచ్చింది.

గోలు కొట్టిన ప్రతిసారీ తోమాస్ అభిమానుల్లోకి దూకి అందర్నీ కావలించుకుంటాడు. అలవాటు కొద్దీ దూకాడు. అక్కడున్నది నేనొక్కణ్ణే. నన్నే కావలించుకున్నాడు. వెనకే జట్టులో సగం మంది నా మీద పడ్డారు. నా ఫ్లాస్కు ఎటు పోయిందో తెలీదు. గడ్డి వాసన, చెమట వాసన, మధ్యలో నేను, ఊపిరాడక నవ్వుతున్నాను.

అవతలి కొసన ఎనిడ్‌కు కనపడింది మాత్రం చేతులెత్తిన అన్న, ఆ తర్వాత ఆటగాళ్ళ గుట్ట, ఆ తర్వాత అన్న లేడు. కంచె కింద నుంచి దూరి మైదానంలోకి వచ్చేసింది. డోలు పొట్ట మీదే ఉంది. ఎగువకు, ఆవు వీపు మీదుగా, ఆ మైదానమంతా ఆగకుండా పరిగెత్తింది. ప్రతి అడుగుకూ మోకాలు తగిలి డోలు దానంతటది మోగుతోంది. రెఫరీ ఎదురొచ్చాడు.

"అమ్మా, ఆట ఇంకా అవలేదు."

"తెలుసు బాబూ, మీరు కానివ్వండి. నేను మా అన్నయ్య బతికున్నాడో లేదో చూసి వెళ్ళిపోతాను."

"మీ పేరు చెప్పండి, రాసుకోవాలి."

"నన్నెందుకు అడుగుతావు, వాళ్ళనడుగు" అని కాలువ వైపు చేయి చూపించింది. కాలువ వైపు నుంచి ఊరంతా ఒక్క గొంతుతో "ఎనిడ్ సట్‌క్లిఫ్" అని అరిచింది. రెఫరీ రాసుకున్నాడు.

నా దగ్గరకు వచ్చింది. "అన్నయ్యా, బానే ఉన్నావా?"

"ఉన్నానే. టీ పోయింది."

"నిజంగా గోలేనా?"

"ఇటువైపు చూడ్డానికి నేనొక్కణ్ణే ఉన్నాను. నన్ను నమ్మక ఏం చేస్తావు?"

ఆట మళ్ళీ మొదలైంది, వెంటనే ముగిసింది. మేం పై డివిజన్‌కు ఎక్కాం. ఆ సాయంత్రం మా ఊరి కుక్కలు కూడా మఫ్లర్లు కట్టుకుని తిరిగాయి.

జూన్‌లో లీగు పెద్దలు ఎనిడ్‌ను పిలిపించారు. ఆట జరుగుతుండగా మైదానంలోకి రావడం పెద్ద తప్పు. వాళ్ళు మంచివాళ్ళే, తప్పించుకునే దారి కూడా చూపించారు. "మీ అన్నగారికి ప్రమాదం అనుకుని వెళ్ళారు కదూ?" అన్నారు.

"సగం అందుకే వెళ్ళాను. సగం గోలు కోసం."

"ఏ సగం ఎక్కువ?"

అన్న కోసమే అని ఒక్క మాట అంటే మందలించి పంపేవాళ్ళు. పక్కన నేను మోచేత్తో పొడుస్తూనే ఉన్నాను. మా చెల్లెలు నా మోచేతిని పక్కకు నెట్టింది. "గోలే" అంది. శరత్కాలం నడిమి దాకా ఏ మైదానం గడపా తొక్కకూడదని తీర్పు చెప్పారు. మా ఇంట్లో ఒక్కరికైనా లీగు నిషేధం ఉందంటే నాకు ఇప్పటికీ ఛాతీ ఉబ్బుతుంది.

కాని ఎనిడ్‌కు నిషేధం గురించి బెంగ లేదు, నడక గురించే. గొడవ జరిగితే నడక లేదన్న ఒప్పందం ఉంది. రెండు రోజులు డోలును తుడుస్తూ కూర్చుంది. మూడో రోజు చేపలమ్మ ఎనిడ్ ఇంటి వంటగదిలోకి వచ్చింది. ఎనిడ్ టీ పోసి, తానే ముందు అంది.

"మాటిచ్చాను, నిలబెట్టుకోలేకపోయాను. గేటు ఉంచుకో తల్లీ. నేనేమీ అనను."

చేపలమ్మ టీలో బెల్లపు కేకు ముంచింది, అది విరిగి టీలో పడింది. స్పూనుతో తీసుకుంటూ అంది. "నడకలో ఒక్క గొడవ జరక్కూడదని కదా నేనన్నది. నడకలో ఏం జరిగింది? ఒకాయన తన మోకాలి ఆపరేషన్ గురించి మొత్తం చెప్పాడు. ఇంకొకాయన సగం తిన్న పై నా చేతిలో పెట్టి, పట్టుకోమని చెప్పి, మళ్ళీ రాలేదు. ఊరంతా తప్పు వైపుకు వచ్చామని తెలిశాక కూడా ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. ఈ ఊళ్ళో ఇన్నాళ్ళలో నన్ను మామూలు మనిషిలా చూసింది ఆ దారిలోనే. గొడవ జరిగింది మైదానంలో. ఆ లెక్క లీగు వాళ్ళది, నాది కాదు."

"అయితే గేటు?"

"ఎక్కడ పెట్టమంటారు?"

ఆ ఇనుప గేటు ఇప్పుడు ఎనిడ్ పెరట్లో ఉంది. చిక్కుడు తీగ పాకించింది. సలహాదారు సిటీకి వెళ్ళిపోయాడు. ఎనిడ్ లేనన్నాళ్ళు డోలు తను మోస్తానని చేపలమ్మ అడిగింది. "నీకు ఎడమ చేయి ఎప్పుడు పడాలో తెలీదు తల్లీ, ఊరంతా కాలువలో దిగుతుంది" అని మా చెల్లెలు ఒప్పుకోలేదు. మైదానం బయట, కాలువ గట్టు మీద నిలబడి కొడతానంది. గట్టు లీగు వాళ్ళది కాదు. లోపల ముందు నడిచేది చేపలమ్మ, బయటి దరువు విని.

ఈసారి నాణెం ఎగరేయగానే ఎటు ఆడుతున్నారో గట్టు మీదికి అరిచి చెప్పే పని నాకిచ్చారు. ఎనిడ్ సట్‌క్లిఫ్ డోలుతో సహా టెంటర్ మైదానంలోకి మళ్ళీ అడుగు పెట్టేది అక్టోబరు పదకొండో తేదీ, శనివారం.